కడాయిలో, కంచంలో, కప్పులో: బరువు తగ్గడానికి ఇంటి తిండిని సరిచేసుకోవడం

కొత్త నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజునే దాని మీద పెన్నుతో తేదీ రాయండి. బరువు తగ్గాలనుకున్న వాళ్లు తొలిరోజే అన్నం మానేస్తారు, చియా గింజలు కొంటారు, పొద్దున్నే తేనె నిమ్మరసం మొదలుపెడతారు. ఇంట్లో లీటరు నూనె ఎన్ని రోజులకు అయిపోతోందో మాత్రం చూసుకోరు. మన ఇళ్లలో కొలత లేకుండా పడేవి ముఖ్యంగా మూడు: కడాయిలో నూనె, కంచంలో అన్నం, టీ కప్పులో చక్కెర. వీటికి కొలత పెట్టుకుంటే, వండుకునే వంటలు చాలావరకు అవే ఉంచుకుని బరువు తగ్గొచ్చు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2000 క్యాలరీల రోజుకు ఒక పళ్లెం లెక్క ఉంది. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇందులో ధాన్యాల అంకె దగ్గర ఒకసారి ఆగాలి. 250 గ్రాములంటే వండకముందు తూకం, అదీ రోజు మొత్తానికి. పొద్దున ఇడ్లీలోని బియ్యపు రవ్వ, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ పిండి అన్నీ అందులోకే వస్తాయి. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లు, నిండా పోస్తే సుమారు 150 గ్రాముల బియ్యం. అలాంటివి ఒకటిన్నర కప్పులు దాటగానే రోజు కోటా దాదాపు అయిపోయినట్టే. బరువు తగ్గాలంటే ధాన్యం 150 నుంచి 200 గ్రాముల మధ్య ఉంచుకోవాలి.

కడాయి

లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. గ్రాముకు 9 క్యాలరీలు. నలుగురున్న ఇంట్లో లీటరు ప్యాకెట్ వారానికే ఖాళీ అవుతోందంటే ఒక్కొక్కరికి రోజుకు 32 గ్రాములు, అంటే 290 క్యాలరీలు నూనె నుంచే వెళ్తున్నాయి. బయట తినేది దీనికి అదనం. బరువు తగ్గాలనుకునే మనిషికి రోజుకు మూడు నాలుగు టీ స్పూన్లు చాలు. ఆ లెక్కన నలుగురికి లీటరు 12 నుంచి 16 రోజులు రావాలి. ఒక్కరే వండుకునేవాళ్లకైతే దాదాపు రెండు నెలలు.

సీసాలోంచి నేరుగా కడాయిలోకి వంచితే చేతికి కొలత తెలియదు. పొద్దున్నే ఒక చిన్న స్టీలు గిన్నెలోకి ఆ రోజు నూనె తీసి పెట్టేయండి. నలుగురికి 80 మిల్లీలీటర్లు. దోసెకైనా పోపుకైనా ఆ గిన్నెలోదే. సాయంత్రానికి గిన్నె ఖాళీ అయితే రాత్రికి చారు, పెరుగు పచ్చడి లాంటివి చేసుకోవాలి, సీసా తియ్యకూడదు. వంటకు మనిషిని పెట్టుకున్న ఇళ్లలో ఇది మరీ అవసరం. “నూనె తక్కువెయ్యి అక్కా” అంటే ఆమె వేసేది ఆమె లెక్కలో తక్కువే. గిన్నెలో పోసి ఇచ్చి, సీసా లోపల పెట్టేస్తే ఇద్దరికీ మాట పట్టింపు ఉండదు.

తక్కువ నూనెతో కూర చేస్తే అడుగంటుతుంది, రుచి రాదు అనే ఫిర్యాదుకు కారణం కూరగాయను బట్టి వేరుగా ఉంటుంది. దొండకాయ, బీన్స్, గోరుచిక్కుడు, క్యారెట్ లాంటివి నూనెలో వేగేలోపు మగ్గవు, అందుకే నూనె ఎక్కువ పోస్తాం. వాటిని ముందు పావు గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పుతో మూతపెట్టి ఏడెనిమిది నిమిషాలు మగ్గించి, నీళ్లు ఇగిరాక రెండు టీ స్పూన్ల నూనెతో పోపు పెట్టి పెద్ద మంట మీద ఐదు నిమిషాలు వేయించండి. అరకిలో కూరకు ఆ రెండు స్పూన్లు సరిపోతాయి. బెండకాయకు ఇదే పద్ధతి పెడితే జిగురు ముద్ద అవుతుంది. బెండకాయను కడిగి, బట్టతో తుడిచి, తడి పూర్తిగా ఆరాక తరగాలి. వెడల్పాటి పెనంలో మూత లేకుండా వేయించాలి, ఉప్పు చివర్లో వెయ్యాలి. జిగురు ఇంకా వదలకపోతే ఒక చెంచా పెరుగు వేస్తే విరుగుతుంది. వంకాయ గుల్లగా ఉంటుంది కాబట్టి పోసినంత నూనె పీల్చేస్తుంది, వేడెక్కి మెత్తబడ్డాక మళ్లీ కొంత వదులుతుంది. అది చూడకుండా మధ్యలో ఇంకో గరిటె పోస్తాం. ఉప్పునీళ్లలోంచి తీసిన ముక్కల్ని మూతపెట్టి మగ్గనిచ్చి, మధ్యలో నూనెకు బదులు నీళ్లు చిలకరించండి. గుత్తివంకాయ, బగారా బైంగన్‌లకు మసాలాలోనే పల్లీలు, నువ్వులు, కొబ్బరి ఉన్నాయి. రుబ్బిన మసాలా ఉడుకుతుంటే ఆ నూనె తనంతట అదే పైకి తేలుతుంది, విడిగా పోయాల్సింది చాలా తక్కువ.

పోపుకు ఒక టీ స్పూన్ నూనె చాలు. వెడల్పు కడాయిలో అది పలచగా పరుచుకుపోయి ఆవాలు చిటపటలాడవు, మాడిపోతాయి. చిన్న పోపు గరిటెలో పెట్టి, గరిటెను ఒక పక్కకు వంచితే నూనె ఒకచోట చేరి ఆవాలు మునుగుతాయి. అప్పడాలు, వడియాలు మంట మీద కాల్చుకోండి. ఎయిర్ ఫ్రయర్ ఉంటే మంచిదే, లేదని కొనక్కర్లేదు.

కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునేవాళ్లకు నూనె చేతిలో లేదు. హైదరాబాద్‌లో ప్రతి కాలనీలో ఒకటి ఉంది, ఉద్యోగాలు చేసుకునే చాలా ఇళ్లకు అదే రెండో వంటిల్లు. పప్పు, ఆకుకూర పప్పు, సాంబారు, పచ్చిపులుసు తీసుకుంటే పెద్ద నష్టం లేదు. ఫ్రైలు, గ్రేవీ కూరలు తెచ్చినప్పుడు కవర్‌ను నేరుగా కంచంలోకి వంచకుండా ఒక లోతు గిన్నెలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన ఎర్రగా తేలినదాన్ని చెంచాతో తీసి వేరే గిన్నెలో వెయ్యండి. రెండు పెద్ద చెంచాలు తీశారంటే 240 క్యాలరీలు పక్కకు పెట్టినట్టే.

కంచం

తెలుగు భోజనంలో అన్నం పెరిగిపోవడానికి ఆకలి ఒక్కటే కారణం కాదు, వడ్డన పద్ధతి కూడా. ప్రతి వంటకానికీ విడిగా అన్నం కలుపుతాం. పప్పుకు ఒకసారి, కూరకు ఒకసారి, పచ్చడికి నాలుగు ముద్దలు, చారుకు ఒకసారి, చివర పెరుగుకు. ఒక్కోసారి పెట్టుకునేది కొంచెమే, మొత్తం కలిస్తే చాలా. దీన్ని కళ్లతో చూడాలంటే ఒక పూట మీరు మామూలుగా పెట్టుకునే అన్నాన్ని, ప్రతి విడతా, కలపకముందు చిన్న స్టీలు గిన్నెతో కొలవండి. 150 మిల్లీలీటర్ల గిన్నె నిండా వదులుగా పెడితే వంద గ్రాముల పైచిలుకు అన్నం, దాదాపు 130 క్యాలరీలు. ఎన్ని గిన్నెలయ్యాయో ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగైదు అవడం మామూలే.

ఆ అంకెలోంచి మొదటి రెండు వారాలు ఒక గిన్నె తగ్గించండి, తర్వాత ఇంకొకటి. పూటకు రెండు గిన్నెల దగ్గర ఆగితే చాలు. ఒకేసారి సగానికి కోస్తే మూడోరోజు రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు దగ్గర తేలుతారు. తగ్గించాల్సింది ప్రతి విడతలో కొంచెం కొంచెం కాదు, ఒక విడతనే మొత్తంగా తీసెయ్యాలి. కొంచెం కొంచెం తగ్గించింది నాలుగు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. ఏ విడత తియ్యాలో మీ ఇష్టం. పెరుగన్నం లేకపోతే తిన్నట్టుండని వాళ్లు దాన్ని ఉంచుకుని, చారును అన్నంలో కలపకుండా గ్లాసులో పోసుకుని తాగండి. మిరియాల చారు అలా తాగితేనే బాగుంటుంది కూడా. పెరుగన్నం పట్టింపు లేనివాళ్లు పెరుగును ఉత్తగా, కీరా తురుముతో తినొచ్చు.

కూర్చోగానే కూరలో సగం ఉత్తదే తినెయ్యండి. అన్నానికి ముందు కూరగాయ కడుపులో పడితే తర్వాత అన్నం తక్కువే చాలనిపిస్తుంది, తిన్నాక రక్తంలో చక్కెర కూడా అంత వేగంగా పెరగదు. దీనికి కూర సరిపడా ఉండాలి, అసలు చిక్కు అక్కడే వస్తుంది. నలుగురికి అరకిలో దొండకాయ వండితే ఒక్కొక్కరికి వచ్చేది 125 గ్రాములు. రోజుకు 400 కావాలి. ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతు బజార్లలో వారానికి ఒకసారి కొనేవాళ్లు మనిషికి వారానికి మూడు కిలోల లెక్కన తెచ్చుకోవాలి, బంగాళాదుంప, కంద, చామగడ్డ ఈ లెక్కలోకి రావు. పచ్చళ్లు, పొడులు, తొక్కులు కూరకు బదులు కావు. ఆవకాయ ముద్దలో ఉన్నది నూనె, ఉప్పు, దాని మీద నెయ్యి, మిగిలిందంతా అన్నమే. కూరతో పాటు నంజుకోవడానికి అరచెంచా చాలు.

పప్పు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. బరువు తగ్గేటప్పుడు మాంసకృత్తులు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, ఆకలీ ఆగదు. ఆరోగ్యంగా ఉన్న 70 కిలోల మనిషి రోజుకు 70 గ్రాముల దాకా తీసుకోవాలి. రెండు గుడ్లతో 12, 60 గ్రాముల కందిపప్పు లేదా పెసరపప్పుతో 13 నుంచి 14, 300 మిల్లీలీటర్ల పెరుగుతో 9, గుప్పెడు శనగ గుగ్గిళ్లతో 6, రోజంతా తిన్న ధాన్యంతో 15 వస్తాయి. మిగిలింది వంద గ్రాముల చికెన్ గానీ, 30 గ్రాముల మీల్‌మేకర్ గానీ పూడుస్తుంది. నలుగురికి ఒక టీ గ్లాసు కందిపప్పు వేసి, దాన్ని సాంబారంత పలచగా చేస్తే ఈ లెక్క కుదరదు. అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. అక్కడ కంచంలో దొరికేది అన్నం, నీళ్ల సాంబారు. పక్కన ఉడకబెట్టిన గుడ్లు రెండు, ఒక కప్పు పెరుగు, ఒక కీరా మీరే కొనుక్కోవాలి.

జొన్నరొట్టె, రాగి సంగటి, కొర్రలన్నం బరువు తగ్గిస్తాయన్న నమ్మకం ఇప్పుడు గట్టిగా ఉంది. వంద గ్రాముల జొన్నపిండిలోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ క్యాలరీలు దాదాపు సమానమే, 330 నుంచి 350. తేడా పీచులో ఉంది. పైగా జొన్నరొట్టె నమిలి తినాలి కాబట్టి రెండుతో ఆగుతాం. సాయంత్రాలు రోడ్డు పక్కన పొయ్యిల మీద కాల్చి ఇచ్చే రొట్టెలు నూనె లేకుండా ఉంటాయి, నిశ్చింతగా తెచ్చుకోండి. కొర్రలన్నమని చెప్పి మూడు గిన్నెలు తింటే మాత్రం బియ్యం తిన్నట్టే.

టిఫిన్ బండి దగ్గర

ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ ఒకటి 50 నుంచి 60 క్యాలరీలు. మూడు తింటే ఇబ్బంది లేదు. ఇడ్లీలు మునిగేలా పోసే పల్లీ చట్నీయే అసలు బరువు. పల్లీలు వంద గ్రాములకు 560 క్యాలరీలు. “చట్నీ పక్కన పెట్టన్నా, పైన పొయ్యొద్దు” అని ముందే చెప్పండి, పోశాక చెప్పి లాభం లేదు. సాంబారు ఎంతైనా అడగొచ్చు. దోసెకు నూనె పోసేది మూతకు చిల్లులు పెట్టిన సీసాతో, చుట్టూ ఒకసారి, మధ్యలో ఒకసారి, తిప్పాక ఇంకోసారి. చూస్తూ నిలబడి మొదటిసారి పోయగానే చాలనండి. పెసరట్టు అన్నిటికన్నా మేలు, పిండి అంతా పెసలే కాబట్టి. ఉప్మా పెసరట్టు అంటే రెండు టిఫిన్లు ఒక ప్లేట్లో. వడ, పూరీ, మైసూర్ బోండా, బటర్ కారం దోసె వారానికి ఒకసారి చాలు, అదీ ఒక్కటే ప్లేటు.

ఇంట్లో ఉప్మా చేస్తే రవ్వ మనిషికి 50 గ్రాములు, కూరగాయ ముక్కలు దానికి రెట్టింపు.

కప్పు

రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర. చెంచా 5 గ్రాములనుకుంటే 40 గ్రాములు, 160 క్యాలరీలు. రోజు మొత్తానికి చక్కెర 20 నుంచి 25 గ్రాములు దాటకూడదు. ఒక్కసారిగా మానితే టీ నచ్చక, పక్కన బిస్కెట్ వచ్చి చేరుతుంది. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక సర్దుకుంటుంది. బెల్లం, తేనె మారిస్తే ఒరిగేదేమీ లేదు, బెల్లం వంద గ్రాములకు 380, చక్కెర 400. ఇరానీ చాయ్ తీపి కలిపే వస్తుంది, పాలు మరిగి చిక్కబడి ఉంటాయి, అక్కడ తగ్గించమనే వీలు లేదు. రోజుకు ఒకటి, ఉస్మానియా బిస్కెట్ లేకుండా. రెండు ఉస్మానియా బిస్కెట్లు సుమారు రెండు ఇడ్లీలంత, కానీ మైదా, వెన్న, చక్కెరతో కడుపు నిండదు. పండ్ల రసాల్లో పీచు పోతుంది, బత్తాయి ఒలుచుకుని తినండి.

సాయంత్రం ఐదు నుంచి ఏడు

రోజు చెడేది ఎక్కువగా ఈ రెండు గంటల్లోనే. ఒంటిగంటకు భోజనం, ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర, కంచం ముందు కూర్చునేది తొమ్మిదిన్నరకు. మధ్యలో ఎనిమిది గంటలకు పైగా ఖాళీ. మిర్చి బజ్జీ, సమోసా, పునుగుల బండ్లు సరిగ్గా ఆ వేళకే వేడెక్కుతాయి. ఓర్చుకుని ఇంటికొస్తే, వచ్చాక మిక్స్‌చర్ డబ్బా తెరుచుకుంటుంది, వంట అయ్యేలోపు సగం ఖాళీ. ఆ పూటకు ముందే ఏర్పాటు ఉండాలి. బ్యాగులో 30 గ్రాముల పుట్నాలు, ఒక జామకాయ పెట్టుకుని ఐదున్నరకు తినండి, ఆకలేసినా వెయ్యకపోయినా. పుట్నాలు 110 క్యాలరీలు, పల్లీలైతే అదే గుప్పెడు 170. ట్యాంక్‌బండ్ మీద కాల్చిన మొక్కజొన్న కంకి, ఉప్పు నిమ్మకాయ రుద్దించుకుని, వెన్న లేకుండా బాగుంటుంది. చేతిలో ఏమీ లేకపోతే ఒక ప్యాకెట్ మజ్జిగ.

రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు కుదిరితే మంచిది. కుదరకపోతే పరిమాణం తగ్గించండి: రెండు పుల్కాలు, పప్పు, కూర. నైట్ షిఫ్ట్ వాళ్లు ప్రధాన భోజనం ఆఫీసుకు బయలుదేరేముందు ముగించి, అర్ధరాత్రి క్యాంటీన్‌లో గుడ్లు, పండు, పెరుగుతో సరిపెట్టుకోవాలి. తెల్లవారుజామున ఇల్లు చేరాక మళ్లీ ఫుల్ టిఫిన్ అంటే నాలుగో భోజనమే.

ఆదివారం బిర్యానీ

హైదరాబాద్‌లో ఉండి బిర్యానీ మానేస్తామనడం ఎక్కువ రోజులు నిలిచే మాట కాదు. ఒక సింగిల్ ప్యాకెట్ వెయ్యి క్యాలరీలు దాటడం మామూలే, పేరుకు సింగిల్ గానీ ఇద్దరికి సరిపోతుంది. ప్యాకెట్ విప్పగానే, తినడం మొదలుపెట్టకముందే, సగం అన్నం డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. తింటూ మిగుల్చుదామంటే మిగలదు. ముక్కలన్నీ మీ కంచంలో వేసుకోండి, రైతాలో ఉల్లిపాయ, కీరా దండిగా కలపండి. సాలన్ చిక్కదనమంతా పల్లీ నువ్వులదే, రెండు చెంచాలు చాలు. ఆ రోజు కూల్‌డ్రింక్, డబుల్ కా మీఠా రెండూ కలిపి వద్దు, ఏదో ఒకటే ఎంచుకోండి. రంజాన్‌లో హలీం ఒక గిన్నె తింటే అదే భోజనం, దాని తర్వాత బిర్యానీ కాదు.

సోమవారం నుంచి శనివారం వరకు రోజుకు 350 క్యాలరీలు తగ్గించి 2100 మిగిల్చినవాళ్లు, ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం చాట్, రాత్రి పెళ్లి దావత్‌తో ఆ 2100 తిరిగి తినెయ్యగలరు. నెలంతా కష్టపడ్డా కాటా కదలడం లేదనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ ఒక్క రోజునే.

కాటా, టేపు

వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు బరువు చూడండి. వారానికి అరకిలో తగ్గితే సరైన దారి. మొదటి వారం కిలోన్నర తగ్గితే సంబరపడకండి, అందులో ఎక్కువ నీరే. అలాగే ఆవకాయో బిర్యానీయో తిన్న మర్నాడు కిలో పెరిగితే బెంగ వద్దు, ఉప్పు పట్టి ఉంచిన నీరు రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. దీంతోపాటు నెలకోసారి టేపుతో నడుము కొలవండి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే పొట్ట కొవ్వు ఎక్కువున్నట్టు. బరువు ఆగిపోయి నడుము తగ్గుతుంటే పని జరుగుతోందనే అర్థం.

చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా అన్నం తగ్గించొద్దు. తిండి తగ్గి మందు అంతే ఉంటే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాంసకృత్తులు పెంచేముందు అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ కొలతలు పాటించకూడదు.

మూడు వారాలు వరుసగా బరువూ నడుమూ రెండూ కదలకపోతే కొత్త డైట్ వెతక్కండి. ముందు నూనె ప్యాకెట్ మీది తేదీ చూడండి, తర్వాత ఆదివారం తిన్నవి రాసుకోండి, ఆ తర్వాత అన్నం గిన్నె తీసి మళ్లీ కొలవండి. రెండు గిన్నెలని అనుకుంటూ గోపురంలా పెట్టుకున్నవి మూడై ఉంటాయి.